మాయకూ మోసానికీ మధ్య: సాలూరు దృశ్యక్షేత్రంలో విద్యార్థి ఛాయాచిత్రకారుల ప్రయోగాలు – ఔచిత్య దృష్టి

సారాంశం:

కెమెరాతోనూ, దిద్దుబాటు సాఫ్ట్‌వేర్‌తోనూ చేసే సృజనాత్మక ప్రయోగాలు నేడు విద్యార్థులకు చాలావరకు ‘ఎఫెక్టుల’ జాబితాగా అందుతున్నాయి. ఏ ప్రయోగాన్ని ఎలా చేయాలో చెప్పే పాఠాలు విరివిగా దొరుకుతున్నాయి. ఏ వస్తువుకు ఏ ప్రయోగం తగుతుందో చెప్పే విమర్శ మాత్రం అరుదు. పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు పట్టణాన్నీ, దాని చుట్టూ ఉన్న కొండ ప్రాంతాన్నీ దృశ్యక్షేత్రంగా తీసుకుని, నెమ్మది షట్టర్, పానింగ్, బహుళ ఎక్స్‌పోజర్, పొగమంచు తొలగింపు, చర్మవర్ణ సవరణ, వస్తువుల చెరిపివేత వంటి పద్ధతులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతీయ కావ్యశాస్త్రంలోని స్వభావోక్తి, వక్రోక్తి, ఔచిత్య భావనలు ఈ పద్ధతులను తూచడానికి ఉపకరిస్తాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రకళ, సాలూరు, ఔచిత్యం, వక్రోక్తి, నెమ్మది షట్టర్, దిద్దుబాటు, గిరిజన చిత్రణ.

1. ఉపోద్ఘాతం:

ఛాయాచిత్రం ఉన్నదాన్ని ఉన్నట్టు చూపుతుందనే నమ్మకం ఎంత పాతదో, ఛాయాచిత్రకారుడు ఉన్నదాన్ని మార్చి చూపుతాడనే అనుమానమూ అంత పాతది. ఈ రెండింటి నడుమ విద్యార్థి నిలబడి ఉంటాడు. సెల్‌ఫోన్‌లో ఉచితంగా దొరికే స్నాప్‌సీడ్ వంటి యాప్‌లు, కళాశాలల్లో నేర్పే లైట్‌రూమ్, ఫోటోషాప్ వంటి సాధనాలు అతని చేతికి పెద్ద శక్తినే ఇచ్చాయి. ఒకప్పుడు చీకటిగదిలో గంటల తరబడి శ్రమిస్తే వచ్చే ఫలితం ఇప్పుడు వేలికొనతో జరిపే ఒక్క కదలికతో వస్తోంది. శ్రమ తగ్గడం మేలే. అయితే ఆ శ్రమతోపాటు ఉండిన ఆలోచనా వ్యవధి కూడా తగ్గిపోయింది.

ఛాయాచిత్ర పోటీల్లోనూ, సామాజిక మాధ్యమాల్లోనూ మన్యం చిత్రాలు ఒక మూసలో పడి కనిపిస్తాయి. ముడతలన్నీ చెక్కినట్టు తేలిన వృద్ధ గిరిజన స్త్రీ ముఖం, అసహజమైన నీలంతో మెరిసే కొండ, నారింజ ఆకాశం మీద నల్లని మనిషి ఆకారం – ఇవే మళ్లీ మళ్లీ వస్తాయి. వీటిలో సాంకేతిక లోపం వెతికితే దొరకదు. లోపం మరోచోట ఉంది: ఈ చిత్రాల్లో పద్ధతి ముందు నిర్ణయమైంది, వస్తువు తరువాత వచ్చి చేరింది. ఆ క్రమాన్ని తిరగవేయడం ఎలాగన్నదే ఈ వ్యాసం చర్చించే విషయం.

2. ప్రయోగానికి ఉన్న పూర్వచరిత్ర:

దిద్దుబాటు కంప్యూటర్‌తో పుట్టిన దోషమని భావించేవారు ఛాయాచిత్రకళ తొలి దశాబ్దాలను చూడాలి. 1857లో ఆస్కార్ రెయిలాండర్ ముప్పైకి పైగా నెగెటివ్‌లను కలిపి ‘జీవితంలో రెండు మార్గాలు’ అనే విస్తృత చిత్రాన్ని రూపొందించాడు. మరుసటి సంవత్సరం హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగెటివ్‌లతో మరణశయ్యపై ఉన్న యువతి చిత్రాన్ని కూర్చాడు. ప్రకృతి దృశ్యాలకు ప్రసిద్ధుడైన ఆన్సెల్ ఆడమ్స్ సైతం ముద్రణ సమయంలో ఒక భాగానికి వెలుగు పెంచడం, మరొక భాగానికి తగ్గించడం సృజనలో అంతర్భాగమనే భావించాడు.

తెలుగువారికి మరింత సన్నిహితమైన ఉదాహరణ 1957 నాటి ‘మాయాబజార్’. కె.వి. రెడ్డి దర్శకత్వంలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ చిత్రానికి కల్పించిన వెన్నెల వెలుగు నేటికీ చర్చనీయాంశమే. ఘటోత్కచుని భోజన సన్నివేశంలో భక్ష్యాలు వాటంతట అవే కదిలివచ్చే తీరు కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని కాలంలో సాధించినది. అది మాయ అని ప్రేక్షకునికి తెలుసు. సినిమా పేరులోనే ఆ ఒప్పందం ఉంది. చూసేవాడు తెలిసి అంగీకరించిన భ్రమ మాయ అవుతుంది. చూసేవానికి తెలియకుండా అతని నమ్మకాన్ని వాడుకుంటే అదే భ్రమ మోసమవుతుంది.

ఈ భేదాన్ని పత్రికా ఛాయాచిత్రరంగం కష్టపడి నేర్చుకుంది. నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రంలో నిలువు చట్రానికి సరిపోయేందుకు గిజా పిరమిడ్లను దగ్గరకు జరపడం పెద్ద వివాదమైంది. 2015 వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి దశకు ముందు వడపోతకు చేరిన చిత్రాల్లో సుమారు 20 శాతం మితిమీరిన దిద్దుబాటు కారణంగా అనర్హమయ్యాయి. 2016లో స్టీవ్ మెకరీ చిత్రాల్లో కొన్ని అంశాలను జరిపిన, తొలగించిన ఆనవాళ్లు బయటపడినప్పుడు, ఆయన తనను దృశ్యకథకునిగా పరిగణించాలని కోరాడు. కథకునికి ఆ స్వేచ్ఛ ఉంది. అయితే ఆ చిత్రాలను అంతకుముందు లోకం వార్తాసాక్ష్యాలుగా నమ్మి చూసింది. వివాదానికి మూలం ఆ వ్యత్యాసంలోనే ఉంది.

3. సాలూరు: దృశ్యక్షేత్ర పరిచయం:

సాలూరు వేగవతీ నది ఒడ్డున, తూర్పు కనుమల పాదాల వద్ద ఉన్న పట్టణం. విజయనగరం జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. విజయనగరం నుంచి కొరాపుట్ వైపు వెళ్లే 26వ జాతీయ రహదారి ఈ పట్టణం మీదుగా సాగి, పాచిపెంట దాటాక ఘాట్ ఎక్కుతుంది. లారీ రవాణాకూ, లారీ బాడీల తయారీకీ, మరమ్మతు షెడ్లకూ ఈ ఊరు పేరుపొందింది. చుట్టుపక్కల కొండల్లో కొండదొరలు, జాతాపులు, గదబలు, సవరలు మొదలైన గిరిజన సమూహాలు నివసిస్తున్నాయి. వారపు సంతలకు చింతపండు, పసుపు, అడ్డాకులు దిగివస్తాయి. పొరుగున మక్కువ మండలంలోని శంబర పోలమాంబ జాతర సంక్రాంతి తరువాత జరుగుతుంది; సిరిమాను ఊరేగింపు అందులో ప్రధాన ఘట్టం.

విద్యార్థి ఛాయాచిత్రకారునికి ఇంతకన్నా సమృద్ధమైన పాఠశాల దొరకదు. వేగం, పొగమంచు, నిప్పురవ్వలు, జనసమ్మర్దం, చీకటి, రంగు – అన్నీ ఒకే రోజు ప్రయాణంలో ఎదురవుతాయి. ఇక్కడి దృశ్యాల్లో ప్రతి ఒక్కటీ ఒక జీవనాధారంతోనో, ఒక విశ్వాసంతోనో ముడిపడి ఉంది. అందువల్ల సాంకేతిక ఎంపిక ఇక్కడ ఆ జీవితం గురించిన వ్యాఖ్య కూడా అవుతుంది.

4. కెమెరాలోనే జరిగే ప్రయోగాలు:

4.1 నెమ్మది షట్టర్ – మాయమయ్యే లారీ:

సృజనాత్మక పద్ధతుల పాఠాల్లో తప్పక కనిపించేది ‘లైట్ ట్రెయిల్స్’. కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి, 20 నుంచి 30 సెకన్ల పాటు షట్టర్ తెరిచి ఉంచితే, రాత్రివేళ వాహనాల దీపాలు ఎరుపు, తెలుపు తీగలుగా సాగుతాయి. ఘాట్ మలుపుల మీద ఈ చిత్రం మరింత మనోహరంగా వస్తుంది. పుస్తకాల్లో చెప్పినట్టు చేస్తే ఫలితం నిశ్చయం.

ఆ చిత్రాన్ని సాలూరు నేపథ్యంలో చదివితే ఒక చిక్కు బయటపడుతుంది. దీర్ఘ ఎక్స్‌పోజర్‌లో కదిలే వస్తువు కరిగిపోతుంది. వెలుగు మాత్రమే మిగులుతుంది. అంటే లారీ అదృశ్యమవుతుంది. లారీతోపాటు దాని పక్కపలకలపై పెయింటర్ వేసిన పువ్వులు, రాసిన పేర్లు, క్యాబిన్‌లోని డ్రైవరు, క్లీనరు అదృశ్యమవుతారు. లారీ మీద బతికే పట్టణానికి సంబంధించిన చిత్రంలో లారీయే లేకుండా పోవడం సాధారణ విషయం కాదు. ఏ నగరపు వంతెన మీదనైనా తీయగల చిత్రమే ఇక్కడా వచ్చింది, స్థలవిశేషం చెరిగిపోయింది.

ఇందుకు ప్రత్యామ్నాయాలు అదే సాంకేతికతలో ఉన్నాయి. 1/15 లేదా 1/30 సెకను వేగంతో లారీ కదలికను అనుసరిస్తూ కెమెరాను తిప్పే పానింగ్ పద్ధతిలో లారీ దేహం స్పష్టంగా నిలుస్తుంది, కొండ మాత్రం గీతలై పారుతుంది. చిత్రలేఖనంతో నిండిన పక్కపలక చదవగలిగేలా ఉంటుంది. అక్కడ వేగం లారీకి చెందుతుంది. ముందు చెప్పిన చిత్రంలో వేగం దీపాలకు మాత్రమే చెందింది. అలాగే బాడీ షెడ్డులో వెల్డింగ్ రవ్వలను అర సెకను ఎక్స్‌పోజర్‌తో తీస్తే రవ్వలు తీగలవుతాయి. వెల్డర్ చేయి ఆ వ్యవధిలో కదలకుండా ఉంటే, వెలుగుకు కారణమైన మనిషి కూడా చిత్రంలో నిలుస్తాడు. వెలుగుతోపాటు దాని కర్తను నిలబెట్టే ప్రయోగం శ్రమకు న్యాయం చేస్తుంది.

4.2 సిరిమాను – కెమెరా ఎవరిని అనుసరించాలి:

సిరిమాను ఊరేగింపులో పొడవైన మాను చివర పూజారి ఆసీనుడై జనసముద్రం మీదుగా కదులుతాడు. ఇక్కడ నెమ్మది షట్టర్ రెండు విభిన్న అర్థాలను ఇస్తుంది. పూజారిని అనుసరిస్తూ కెమెరాను తిప్పితే ఆయన స్థిరంగా, జనం అస్పష్టంగా వస్తారు. దైవసన్నిధి ఒక్కటే సత్యమై, మిగిలిన లోకం ప్రవాహమైందన్న భావం ధ్వనిస్తుంది. కెమెరాను కదల్చకుండా, మొక్కు తీర్చుకోవడానికి వచ్చి కదలక నిలిచిన ఒక భక్తురాలిపై దృష్టి నిలిపితే, మాను ఆమె తలపై నుంచి నీడలా సాగిపోతుంది. అప్పుడు చిత్రానికి కేంద్రం ఆమె విశ్వాసం.

రెండూ సమర్థనీయమైనవే. షట్టర్ వేగం 1/8 సెకను అన్నది రెండింటికీ ఒకటే కావచ్చు. అర్థాన్ని నిర్ణయించింది ఆ అంకె కంటే, ఏది నిలకడగా ఉండాలన్న ఎంపిక. విద్యార్థికి షట్టర్ వేగాల పట్టికతోపాటు ఈ ప్రశ్నను కూడా బోధించవలసి ఉంది.

4.3 థింసా – గొలుసు, ముఖం:

ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని వలయంగా సాగే థింసా నృత్యాన్ని 1/4 సెకను వేగంతో తీస్తే నర్తకులు ఒక రంగుల వలయంగా మారతారు. సామూహికతే ఆ నృత్యానికి ప్రాణం గనుక వ్యక్తులు సమూహంలో కరగడం వస్తువుకు తగిన వ్యక్తీకరణే. అయితే అన్ని చిత్రాలూ అలాగే ఉంటే, నర్తించేవారికి ముఖాలే లేవన్న భావం ఏర్పడుతుంది. షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగే పద్ధతిలో కదలిక జాడ, స్పష్టమైన ముఖం రెండూ ఒకే చట్రంలో లభిస్తాయి. కానీ ఆరాధనతో ముడిపడిన సందర్భంలో ఫ్లాష్ మెరుపు ఆటంకమవుతుంది. అక్కడ ఆ పద్ధతి ఎంత చక్కని చిత్రాన్నిచ్చినా విడిచిపెట్టవలసిందే. ఔచిత్యం చిత్రఫలకానికే పరిమితమైన గుణం కాదు. చిత్రీకరణ క్రియకూ అది వర్తిస్తుంది.

4.4 బహుళ ఎక్స్‌పోజర్ – గోడచిత్రాల పాఠం:

ఒకే చట్రంలో రెండు మూడు దృశ్యాలను కలిపే బహుళ ఎక్స్‌పోజర్ పద్ధతి పాశ్చాత్య ఆధునికత నుంచి వచ్చినదిగానే బోధనలో కనిపిస్తుంది. సవరల గోడచిత్రాలను గమనిస్తే ఆ ఆలోచనకు స్థానికమైన పూర్వరూపం దొరుకుతుంది. ఇల్లులాంటి ఒక చట్రంలో మనుషులు, జంతువులు, చెట్లు, సూర్యచంద్రులు, పూర్వికులు కలిసి ఉంటారు. పగలు, రాత్రి, ఈ లోకం, ఆ లోకం ఏకకాలంలో నిలుస్తాయి. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన సవరల మతజీవన గ్రంథంలో ఈ చిత్రాలకు ప్రముఖ స్థానం ఇచ్చాడు.

బరోడా చిత్రకారుడు జ్యోతి భట్ 1960ల చివరి నుంచి గ్రామీణ, గిరిజన ప్రాంతాల్లో గోడచిత్రాలను, ముగ్గులను ఛాయాచిత్రాలుగా నమోదు చేశారు. చీకటిగదిలో బహుళ ఎక్స్‌పోజర్, మాంటేజ్ ప్రయోగాలు కూడా ఆయన చేశారు. ఆయన కృషిలో గమనించదగినది ఈ రెండు పనులనూ కలగాపులగం చేయకపోవడం. నమోదు చేసిన చిత్రంలో గోడ గోడగానే ఉంటుంది; ప్రయోగం తనను తాను ప్రయోగంగానే చెప్పుకుంటుంది. గోడచిత్రాన్ని ఒక ముఖంపై కలిపి ‘జానపద’ వాతావరణం కల్పించే విద్యార్థి, ఆ గోడచిత్రం ఎవరి ఇంటిదో, ఏ సందర్భంలో వేసినదో తెలుసుకోకపోతే, ఆరాధనారూపం అలంకారపు కాగితంగా మారిపోతుంది.

5. దిద్దుబాటులో దాగిన తీర్పులు:

5.1 పొగమంచూ పోడు పొగా:

లైట్‌రూమ్‌లో 2015లో ప్రవేశించిన ‘డీహేజ్’ అనే సాధనం చిత్రంలోని మసకను తొలగించి దూరపు కొండలకు స్పష్టత ఇస్తుంది. చలికాలపు ఉదయాల్లో సాలూరు కొండలపై పరచుకునే మంచును ఈ సాధనం ఒక లోపంగా లెక్కిస్తుంది. మంచు తొలగితే కొండ పొరలు పొరలుగా వెనక్కి జరిగే లోతు పోతుంది. అన్ని కొండలూ ఒకే దూరంలో నిలిచిన బొమ్మల్లా కనిపిస్తాయి. చిత్రకళలో దూరాన్ని సూచించే ప్రాచీన ఉపాయమే పొగమంచు. దాన్ని సాఫ్ట్‌వేర్ ‘శుభ్రం’ చేస్తోంది.

మరొక సందర్భం దీనికన్నా తీవ్రమైనది. వేసవి ఆరంభంలో కొండవాలుపై కనిపించే మసక పోడు కోసం నరికిన పొదలను కాల్చిన పొగ కావచ్చు. సాధనానికి మంచుకూ పొగకూ భేదం తెలియదు. ఆ పొగను తొలగించిన చిత్రం పర్యాటక ప్రకటనకు బాగుంటుంది. ఆ కొండపై జరుగుతున్న వ్యవసాయం మాత్రం చిత్రంలోంచి తొలగిపోయింది. అదే సాధనాన్ని వ్యతిరేక దిశలో కొద్దిగా జరిపితే మసక చిక్కబడుతుంది. అప్పుడు పోడు విధ్వంసంలా భాసిస్తుంది. ఒక్క స్లయిడర్‌పై ఎడమకు ఒక రాజకీయం, కుడికి మరొక రాజకీయం ఉన్నాయి. మధ్యలో నిలిపే చేతికి ఆ కొండను గురించిన పరిజ్ఞానం అవసరం.

5.2 చర్మవర్ణం:

కెమెరాలోని కాంతిమాపకం తన ఎదుట ఉన్న దృశ్యాన్ని మధ్యస్థ బూడిదరంగుగా భావించి లెక్కవేస్తుంది. నల్లని చాయ గల ముఖం చట్రమంతా నిండితే దాన్ని అసలుకన్నా తెల్లబరుస్తుంది. అదే ముఖం ప్రకాశవంతమైన ఆకాశం ముందు ఉంటే వివరాలు లేని చీకటిగా మారుస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో రంగుల ముద్రణను సరిచూసేందుకు కొడాక్ సంస్థ పంపిణీ చేసిన ‘షర్లీ కార్డు’లపై చాలాకాలం తెల్లజాతి యువతుల చిత్రాలే ఉండేవి. ఆన్సెల్ ఆడమ్స్ జోన్ పద్ధతిలో చర్మానికి ఉదాహరణగా చెప్పే ఆరో జోన్ కూడా శ్వేతవర్ణ చర్మానికి చెందినదే. సాధనంలోనే ఒక పక్షపాతం ఉందన్నమాట.

విద్యార్థి తెలియకుండా ఈ పక్షపాతాన్ని రెండు దిశల్లో కొనసాగిస్తాడు. పెళ్లి చిత్రాల్లో ఫోన్ ‘బ్యూటీ’ మోడ్ ముఖాన్ని తెల్లబరచి ముడతలను చెరుపుతుంది. గిరిజన చిత్రాల్లో అదే విద్యార్థి ‘క్లారిటీ’, ‘డ్రామా’, ‘హెచ్‌డీఆర్’ ఫిల్టర్లతో ముఖాన్ని నల్లబరచి ముడతలను లోతుచేస్తాడు. పట్టణపు వధువుకు లేని ముడతలు, కొండపై వృద్ధురాలికి ఉన్నవాటికన్నా ఎక్కువ! రెండు నిర్ణయాలూ ఒకే చేతివి. సౌందర్యం ఒకరిది, ‘యథార్థం’ మరొకరిది అన్న సామాజిక విభజన ఇక్కడ సాంకేతిక రూపం ధరించింది.

దీనికి పరిష్కారం సరళం. ముఖంపైనే కాంతిని కొలిచే స్పాట్ మీటరింగ్, వెనుక ఆకాశం ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ పెంచడం, ముఖం చట్రాన్ని నింపినప్పుడు కొద్దిగా తగ్గించడం, నీడపట్టున మృదువైన కాంతిని ఎంచుకోవడం – ఇంతే. ఫలితంలో నాటకీయత తక్కువగా ఉండవచ్చు. ఆ ముఖం గల మనిషి తన చిత్రాన్ని చూసి ‘ఇది నేనే’ అని గుర్తుపట్టడం ఆ లోటును తీరుస్తుంది.

5.3 చెరిపివేత – కొటియా బోర్డులు:

చట్రంలో అడ్డువచ్చిన తీగలు, స్తంభాలు, బోర్డులను తొలగించే ‘హీలింగ్’ సాధనం విద్యార్థులకు మిక్కిలి ఇష్టమైనది. ఫోటోషాప్‌లో 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ దీన్ని మరింత సులభం చేసింది. తొలగించిన చోట లేని దృశ్యాన్ని అది కల్పిస్తుంది.

సాలూరు మండల సరిహద్దులోని కొటియా గ్రామాలపై ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల నడుమ దశాబ్దాలుగా వివాదం నడుస్తోంది. 2021 పంచాయతీ ఎన్నికల సందర్భంలో అది మళ్లీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అటువంటి చోట దారి పక్కనున్న బోర్డు మీది లిపి తెలుగా, ఒడియానా అన్నదే దృశ్యంలోని ప్రధానాంశం. పచ్చని లోయ అందానికి అడ్డమని ఆ బోర్డును చెరిపివేస్తే, మిగిలేది ఏ రాష్ట్రానికీ, ఏ వివాదానికీ చెందని అందమైన శూన్యం. విద్యుత్ తీగ విషయమూ అంతే. కొండపై గూడేనికి తీగ చేరడం అక్కడి జీవితంలో ఒక మలుపు. దాన్ని చెరపడం ద్వారా చిత్రకారుడు ఆ గూడేన్ని తిరిగి చీకటిలోకి, ‘కాలం తాకని’ కల్పిత గతంలోకి నెడుతున్నాడు.

6. థర్‌స్టన్ నీడ, గిడుగు వెలుగు:

పై ధోరణికి లోతైన చరిత్ర ఉంది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాల ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ వెలువరించాడు. గదబలు, సవరలు మొదలైన ఉత్తర కోస్తా కొండజాతులు అందులో వర్ణనలుగా, ఛాయాచిత్రాలుగా దర్శనమిస్తారు. కొలతల పరికరాలతో మనుషుల తలలు, ముక్కులు కొలిచిన కాలమది. ఆ ఛాయాచిత్రాల్లో వ్యక్తికి పేరు ఉండదు. జాతికి మాత్రమే పేరు ఉంటుంది. మనిషి అక్కడ ఒక నమూనా.

నేటి విద్యార్థి ఫిల్టర్లతో తీర్చిదిద్దిన ‘గిరిజన వృద్ధురాలు’ చిత్రానికీ ఆ నమూనాకూ సాంకేతికంగా వంద సంవత్సరాల దూరం ఉంది. దృష్టిలో దూరం అంతగా లేదు. పేరు లేని ముఖం, సందర్భం లేని నేపథ్యం, జాతిని సూచించే ఆభరణంపై అతిస్పష్టత – మూడు లక్షణాలూ కొనసాగుతున్నాయి.

అదే ప్రాంతంలో అదే కాలాన మరొక మార్గమూ నడిచింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి సవర భాషను నేర్చి, సవర పిల్లల చదువుకోసం కృషిచేసి, 1931లో ఆ భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. ఒకరు మనుషులను కొలిచారు. మరొకరు వారి మాట విన్నారు. ఛాయాచిత్రకారునికి గిడుగు మార్గం ఆచరణయోగ్యమైన పద్ధతి. చిత్రం తీసేముందు పేరు అడగడం, అనుమతి తీసుకోవడం, తీసిన తరువాత చూపించడం, దిద్దిన చిత్రాన్ని తిరిగి వారికి అందించడం – ఇవి నైతిక నియమాలుగానే చెప్పబడుతున్నాయి. వాస్తవానికి ఇవి సాంకేతిక లాభాలు కూడా. పేరు తెలిసిన మనిషి కెమెరా ముందు నిలిచే తీరు వేరు. ఆ ముఖంలోని వెలుగు ఏ ఫిల్టరూ ఇవ్వలేనిది.

7. స్వభావోక్తి, వక్రోక్తి, ఔచిత్యం:

దండి వాఙ్మయాన్ని స్వభావోక్తి, వక్రోక్తి అని రెండుగా విభజించాడు. వస్తువును ఉన్నట్టు సుందరంగా చెప్పడం మొదటిది. వంకర తిప్పి చమత్కరించడం రెండోది. దిద్దని ఛాయాచిత్రాన్ని స్వభావోక్తిగా, ప్రయోగచిత్రాన్ని వక్రోక్తిగా భావించవచ్చు. రెండింటికీ కావ్యగౌరవం ఉన్నట్టే, రెండు రకాల చిత్రాలకూ కళాగౌరవం ఉంది. స్వభావోక్తి కూడా ఒక అలంకారమేనన్న దండి గ్రహింపు ఇక్కడ విలువైనది. దిద్దని చిత్రం కూడా లెన్సు, కోణం, క్షణం అనే ఎంపికల ఫలితమే. నేటి ఫోన్లు షట్టర్ నొక్కిన ప్రతిసారి అనేక ఫ్రేములను కలిపి ఒక చిత్రాన్ని తయారుచేస్తాయి. కాబట్టి ‘నేను ఏమీ దిద్దలేదు’ అన్న మాటకు సాంకేతికంగా అర్థం సన్నగిల్లింది.

అయితే ప్రమాణమేది? పదకొండో శతాబ్దపు కాశ్మీర విమర్శకుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని రసకావ్యానికి జీవితంగా నిరూపించాడు. హారం నడుముకూ, మొలనూలు మెడకూ ధరిస్తే ఆ నగల విలువ తగ్గదు గాని ధరించినవారు నవ్వులపాలవుతారన్నది ఆయన ఇచ్చిన దృష్టాంతం. లైట్ ట్రెయిల్, డీహేజ్, హెచ్‌డీఆర్ ఏవీ స్వతహాగా దోషాలు కావు. అవి ఏ దేహం మీద పడ్డాయన్నదే ప్రశ్న.

ఈ ప్రమాణానికి ఒక ఆక్షేపణ రావచ్చు. నేర్చుకునే దశలో ఇన్ని ప్రశ్నలు ఎదురైతే విద్యార్థి భయపడి ప్రయోగమే మానేస్తాడని, తప్పులు చేసే స్వేచ్ఛ లేకుండా కళ రాదని కొందరు ఉపాధ్యాయులు భావించవచ్చు. ఈ ఆక్షేపణలో బలముంది. అందుకే అభ్యాసానికీ ప్రదర్శనకూ గీత గీయడం అవసరం. అభ్యాసంలో ఏ స్లయిడర్‌నైనా చివరిదాకా జరపవచ్చు. రాయి, చెట్టు, ఖాళీ లారీ, తన సొంత ముఖం అందుకు చాలు. ఒక మనిషి ముఖం, ఒక ఊరి పేరు జతచేసి నలుగురికీ చూపినప్పుడు మాత్రం ఔచిత్య విచారణ తప్పదు. అంతర్జాతీయ పోటీల్లో సృజనాత్మక విభాగం వేరుగా, మార్పులకు కఠిన పరిమితులున్న ప్రకృతి విభాగం వేరుగా ఉండటం ఈ వివేకానికి సంస్థాగత రూపమే. విద్యార్థి తన చిత్రం కింద ‘మూడు ఎక్స్‌పోజర్ల కూర్పు’ అనో, ‘తీగలు తొలగించబడినవి’ అనో ఒక్క వాక్యం రాస్తే అది మాయాబజార్ చేసిన ఒప్పందమే అవుతుంది. చూసేవానికి మాయ దక్కుతుంది, మోసం జరగదు.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, సృజనాత్మక పద్ధతి ఏదైనా దేన్నో నిలిపి దేన్నో కరిగిస్తుంది. కరిగిపోయినదేమిటో గుర్తించడమే విమర్శకు ఆరంభం. ఘాట్ మీద లారీ, కొండ మీద పొగ, సరిహద్దులో బోర్డు అటువంటివి. రెండవది, సాధనాలు తటస్థమైనవి కావు. కాంతిమాపకం నుంచి బ్యూటీ మోడ్ దాకా వాటిలో పూర్వనిర్ణయాలు ఉన్నాయి. వాటిని సరిదిద్దే నైపుణ్యాన్ని మొదటి పాఠాల్లోనే చేర్చాలి. మూడవది, ప్రయోగం ప్రకటితమైనప్పుడు కళగా నిలుస్తుంది, దాగినప్పుడు సాక్ష్యాన్ని కలుషితం చేస్తుంది.

సాలూరు వంటి చోట ఈ చర్చకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. ఈ ప్రాంతాన్ని లోకం ఎక్కువగా బయటివారు తీసిన చిత్రాల ద్వారానే చూసింది. ఇప్పుడు ఫోన్ కెమెరా కొండమీది గూడెం యువత చేతిలోనూ ఉంది. లారీ షెడ్డులో పనిచేసే తండ్రిని, సంతలో పసుపు అమ్మే తల్లిని, జాతరలో మొక్కుకునే అవ్వను తీయబోయే విద్యార్థికి వారి పేర్లు ముందే తెలుసు. థర్‌స్టన్‌కు లేని ఆ సౌలభ్యం అతనికి ఉంది. బయటివారి ఫిల్టర్లను అరువు తెచ్చుకుని తన వారినే అపరిచితులుగా మార్చుకోకుండా అతన్ని ఆపగలిగే బోధన కావాలి. పాఠ్యప్రణాళికల్లో ఎఫెక్టుల పట్టిక పక్కన ఔచిత్య విచారణకు కూడా ఒక గంట కేటాయించడం అందుకు తొలి అడుగు.